చెక్కుబందీ

దస్తావేజులు రాసేవాణ్ణి, నాకు తెలిసిన పద్ధతి ఇదొకటే.

తూర్పు: గంగన్న సైకిలు షాపు.
దక్షిణం: తుమ్మలు మొలిచిన బందెలదొడ్డి.
పడమర: హగరి ఇసుక.
ఉత్తరం: నా రేకుల కొట్టం.
ఈ నాలుగు హద్దుల నడుమ ఉండిన
సిడిగల్లు మున్సిఫ్ కోర్టు
ఇప్పుడు లేదు.

ఎవరో దొర గుర్రం దిగకుండానే
వేలు చాపి గిర్రున తిప్పినాడని
మా జేజినాయన చెప్పేవాడు.
ఆ వేలు తిరిగిన మేర అరవై మూడు ఊళ్ళు.
కన్నడం ఊళ్ళు ఇరవై, తెలుగువి ముప్పై తొమ్మిది.
తక్కిన నాలుగింట్లో
తిట్టుకునేది ఒక భాష, ఏడ్చేది ఇంకొకటి.

బోనెక్కి ఈరక్క కన్నడంలో చెబితే
గుమాస్తా తెలుగులో అందుకునేవాడు,
జడ్జి ఇంగ్లీషులో రాసుకునేవాడు.
తిరిగి చదివి వినిపించేసరికి
ఆమె గొర్రెలు మేకలైనాయి.
"నావి గొర్రెలు సామీ" అని మొత్తుకుంది.
సాక్షి కంటతడి పెట్టినది అని
రికార్డులో ఉంది. నేనే నకలు తీసినా.

డవాలి ఫక్కీరప్పకు చదువు రాదు.
అరవై మూడు ఊళ్ళూ వరస తప్పకుండా వచ్చు.
మెట్టు మీద నిలబడి పేరు పిలిస్తే
సంతలో ఎద్దులు తలలెత్తేవి.
చచ్చిపోయిన వాదిని కూడా
మూడుసార్లు పిలిచి,
కాసేపు ఎదురుచూసి,
అప్పుడు లోపలికి పోయేవాడు.

కరిబసప్పది బావి దావా.
ఓబన్నది ఆ బావికి పోయే బాట దావా.
పంతొమ్మిదేళ్ళు.
వాయిదా రోజు ఇద్దరూ ఒకే బండిలో వచ్చేవాళ్ళు,
ఎద్దులు ఒకరివి, బండి ఒకరిది.
వంక దగ్గర బండి నిలిపి
ఒకే సంగటి ముద్ద విరుచుకుని తిని,
కోర్టు కనబడగానే ముఖాలు తిప్పుకునేవాళ్ళు,
వకీళ్ళు చూస్తే బాగుండదని.

ఒక సోమవారం గెజిట్టు వచ్చింది.
పాలనా సౌలభ్యం కొరకు, అని నాలుగు పంక్తులు.
బీరువాలు రెండు లారీల్లో పోయినాయి.
గడియారం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు,
గంగన్న షాపులో ఇప్పటికీ
పదకొండుంపావు చూపిస్తా ఉంది.

వంకకు ఇవతలి ఊళ్ళు రాయదుర్గానికి,
అవతలివి కళ్యాణదుర్గానికి,
ఎవరికీ అక్కర్లేని ఏడు ఊళ్ళు అనంతపురానికి.
బావి రాయదుర్గం పాలు.
బాట కళ్యాణదుర్గం పాలు.
రెండు చోట్లా ఒకటే తారీఖు పడింది.
ఎవరి కేసుకు వాళ్ళు బస్సెక్కినారు,
ఇతను పడమరకు, అతను తూర్పుకు.
ఎదుటివాడు హాజరు కాలేదని
అక్కడొక డిక్రీ, ఇక్కడొక డిక్రీ.
ఇద్దరూ గెలిచినారు.

ఓబన్న నా కొట్టం ముందర చెప్పులు విడిచి
"గెలిస్తినప్పా" అన్నాడు.
కాసేపుండి,
"ఈ మాట వానికి ఎవరు చెప్తారు?" అన్నాడు.

నెల తిరక్కముందే ఇద్దరూ కలిసొచ్చినారు.
రాజీనామా రాయమన్నారు.
బావి రాసినా, బాట రాసినా,
నీళ్ళ వంతులు పొద్దు లెక్కన రాసినా.
ఏ కోర్టు సన్నిధిలో అన్న దగ్గర
కలం ఆగింది.
కరిబసప్ప మెట్ల వైపు చూసినాడు.
కప్పు లేదు, తలుపుల్లేవు,
మెట్లు మూడు మిగిలినాయి.

ఫక్కీరప్పను మనవడు చేయి పట్టుకుని తీసుకొచ్చినాడు.
డవాలి ఎప్పుడో అమ్మేసినాడు, తువ్వాలు అడ్డంగా వేసుకున్నాడు.
పై మెట్టెక్కి ఊరి పేరు, తండ్రి పేరుతో సహా
ఇద్దర్నీ ఒకసారి పిలిచినాడు.
రెండోసారి పిలిచినాడు.
మూడో పిలుపు దగ్గులో పోయింది.
ఎదురుగానే నిలబడి ఉన్నా
ఇద్దరూ గట్టిగా పలికినారు.

ఆ కాగితం రిజిస్టరు కాలేదు.
నా రేకుపెట్టెలో ఉంది, సన్నిధి గడి ఖాళీగా.
బావిలో మోట మాత్రం వంతు తప్పలేదు,
నీళ్ళున్నన్నాళ్ళు.

నిన్న కొలిచినా.
ఇసుక రెండో మెట్టు మీదికొచ్చింది.
పడమటి హద్దు మార్చి రాయాలంటే
ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలీదు.